ఆఫర్ వచ్చింది, ఉద్యోగం రాలేదు: చట్టం ఎంతవరకు తోడొస్తుంది?

ఈ నెల మా శీర్షికకు వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకటే గోడు. ఉద్యోగం ఇస్తామన్నారు, కాగితం కూడా ఇచ్చారు, తీరా చేరే వేళకు లేదన్నారు. అందుకే ఈసారి భూమి తగాదాలు, విడాకుల ప్రశ్నలు పక్కనపెట్టి వీటికే జవాబులు రాస్తున్నాను. గుర్తుపట్టే వివరాలు తీసేశాను.

ప్రశ్న: మేడమ్, నేను ఒక ఐటీ కంపెనీలో ఆరేళ్లుగా పనిచేస్తున్నాను, అంటే మొన్నటిదాకా చేశాను. వేరే కంపెనీ ఏడాదికి 19 లక్షల ప్యాకేజీతో ఆఫర్ లెటర్ పంపింది. ఒప్పుకుంటున్నానని మెయిల్ పెట్టాను. రిజైన్ చేసి, మూడు నెలల నోటీస్ పూర్తిచేసి, లాప్‌టాప్ అప్పజెప్పి బయటికొచ్చాను. జాయినింగ్‌కి వారం ముందు హెచ్‌ఆర్ నుంచి రెండు లైన్ల మెయిల్, వ్యాపార అవసరాలు మారాయట, ఆఫర్ వెనక్కి తీసుకుంటున్నారట. ఫోన్ చేస్తే ఎత్తరు. పాత కంపెనీలో నా స్థానంలో వేరేవాళ్లు వచ్చేశారు. మధ్యలో ఇంకో కంపెనీ పిలిస్తే వీళ్లను నమ్ముకుని వద్దన్నాను. ఇంటి లోన్ ఈఎంఐ నెలకు 38 వేలు. కేసు వేస్తే ఆ ఉద్యోగం ఇప్పిస్తారా? (పేరు వద్దు, కూకట్‌పల్లి)

జవాబు: ఇప్పించరు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఆ ఆశతోనే చాలామంది నెలలు నెలలు వృథా చేసుకుంటారు. ఒకరి కింద ఒకరు పనిచేసే ఒప్పందాన్ని ప్రైవేటు సంస్థ మీద కోర్టు బలవంతంగా రుద్దదు, 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 14వ సెక్షన్ సారాంశం అదే. కానీ ఉద్యోగం ఇప్పించకపోవడం వేరు, మీకు జరిగిన నష్టానికి డబ్బు ఇప్పించకపోవడం వేరు. రెండోదానికి దారి ఉంది.

1872 నాటి కాంట్రాక్టు చట్టం ఇప్పటికీ మనల్ని ఏలుతోంది. దాని 5వ సెక్షన్ ప్రకారం ఆఫర్ ఇచ్చినవాళ్లు దాన్ని వెనక్కి తీసుకోవచ్చు, అయితే అవతలివాళ్ల అంగీకారం పూర్తయ్యేలోపే. మీరు ఒప్పుకుంటూ మెయిల్ పెట్టారు, అది వాళ్లకు చేరింది, వాళ్లు జాయినింగ్ డేట్ ఇచ్చారు. అక్కడితో అది ఆఫర్ కాదు, ఒప్పందం. సంతకం పెట్టిన కాగితం లేదు, అంతా మెయిల్లోనే కదా అని వాళ్లు దబాయించినా భయపడకండి, ఎలక్ట్రానిక్ పద్ధతిలో కుదిరిన ఒప్పందమూ చెల్లుతుందని ఐటీ చట్టం 10ఏ సెక్షన్ చెబుతోంది. కుదిరిన ఒప్పందాన్ని ఒక పక్షం తెంచేస్తే రెండో పక్షం కాంట్రాక్టు చట్టం 73వ సెక్షన్ కింద నష్టపరిహారం అడగొచ్చు.

ఇక ఎంత వస్తుంది అన్నది, మీరు విని నిరుత్సాహపడే భాగం. మీ ఆఫర్ లెటర్ తీసి చూడండి, ప్రొబేషన్‌లో ఎన్ని రోజుల నోటీసుతో తీసేయొచ్చో రాసి ఉంటుంది. చాలా లెటర్లలో అది 30 రోజులు. కంపెనీ వకీలు వాదన ఎలా ఉంటుందంటే, మేము ఈయన్ని చేర్చుకున్నా మర్నాడే నెల నోటీసిచ్చి పంపేయగలం, కాబట్టి ఈయనకు పోయింది నెల జీతమే అంటాడు. కోర్టులు చాలాసార్లు ఈ లెక్కకే మొగ్గు చూపుతాయి. ఏడాది జీతం, రెండేళ్ల జీతం అని నోటీసులో రాసుకోవచ్చు, తీర్పులో అంత రావడం అరుదు.

అక్కడితో ఆగిపోవక్కర్లేదు, మీ చేతిలో ఒక మంచి ముక్క ఉండి ఉండాలి. చేరేముందు ఈ కంపెనీలన్నీ తమ పోర్టల్లో పాత కంపెనీ మీ రాజీనామాను ఆమోదించిన మెయిల్ అప్‌లోడ్ చేయమంటాయి. మిమ్మల్నీ అడిగే ఉంటారు. 73వ సెక్షన్‌లో మామూలుగా కలిగే నష్టంతో పాటు, ఒప్పందం చేసుకునేటప్పుడు ఇది తెగితే ఫలానా నష్టం వస్తుందని రెండు పక్షాలకూ తెలిసి ఉంటే దానికీ పరిహారం ఉంది. రిజైన్ చేయమన్నదీ వాళ్లే, చేసినట్టు రుజువు తీసుకున్నదీ వాళ్లే, అలాంటప్పుడు ఇతని ఉద్యోగం పోతుందని మాకేం తెలుసు అనడానికి వాళ్లకు నోరుండదు. మీరు వద్దన్న ఆ ఇంకో ఆఫర్ మెయిల్, దానికి మీరిచ్చిన జవాబు, ఊరు మారడానికి కట్టిన అడ్వాన్సు ఏమైనా ఉంటే ఆ రసీదు, ఇవన్నీ ఇదే ఖాతాలోకి వస్తాయి. ఈఎంఐ రాదు, అది మీరు ఎక్కడ పనిచేసినా కట్టాల్సిందే కాబట్టి.

అయితే ఈ పని ఇవాళే చేయండి. ఆ పోర్టల్ లాగిన్ ఏ క్షణమైనా తీసేస్తారు, తీసేశాక అందులోని ఆఫర్ లెటర్, అప్‌లోడ్ రికార్డు, చాట్ అన్నీ పోతాయి. అన్నీ డౌన్‌లోడ్ చేసుకోండి. మెయిళ్లను స్క్రీన్‌షాట్ తీసి వదిలేయకుండా అసలు మెయిల్‌ను అలాగే ఉంచండి, ఫోన్ మార్చితే వాట్సాప్ బ్యాకప్ చూసుకోండి. 2024 జులై 1 నుంచి సాక్ష్య చట్టం స్థానంలో వచ్చిన భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ఒక సర్టిఫికెట్ జతచేయాలి, అది మీ వకీలు చూసుకుంటారు.

తర్వాత లీగల్ నోటీసు. పదిహేను రోజుల గడువిచ్చి, కంపెనీ రిజిస్టర్డ్ ఆఫీసు చిరునామాకు పంపించండి, హెచ్‌ఆర్ మెయిల్‌కూ ఒక కాపీ. (రిజిస్టర్డ్ పోస్టును 2025లో స్పీడ్ పోస్టులో కలిపేశారు, డెలివరీ రుజువు అడిగి తీసుకోండి.) నా అభిప్రాయంలో ఇలాంటి కేసుల్లో అసలు పని చేసేది కోర్టు కన్నా ఈ నోటీసే. హెచ్‌ఆర్ అమ్మాయి దగ్గర ఆగిపోయిన విషయం నోటీసుతో లీగల్ విభాగం టేబుల్ మీదికి వెళ్తుంది, అక్కడ ఒకటి రెండు నెలల జీతం ఇచ్చి సంతకం తీసుకోవడమే చవక అని లెక్కేసుకునేవాళ్లు ఉంటారు. అలా ఇస్తామంటే తీసుకోండి. సివిల్ దావాకు మూడేళ్ల గడువుంది, అది ఆఫర్ రద్దు చేసిన రోజు నుంచి మొదలవుతుంది.

రెండు చిక్కులు చూసుకోండి. ఒకటి, వివాదాలు బెంగళూరు కోర్టులోనో ముంబై కోర్టులోనో అని లెటర్లో ఉందేమో. ఆ ఊరి కోర్టుకు మామూలుగానే అధికారం ఉంటే ఆ షరతు చెల్లుతుందని 2025 ఏప్రిల్‌లో బ్యాంకు ఉద్యోగుల కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, అప్పుడు ఖర్చు లెక్క మారిపోతుంది. రెండు, ఆఫర్ బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌కి లోబడి అని రాసి ఉండి, మీ పీఎఫ్ రికార్డులో ఒకే సమయంలో రెండు కంపెనీలు కనపడటంలాంటివి ఉంటే ముందు మీ వకీలుకు నిజం చెప్పేయండి. అవతలివాళ్లు దాన్నే పట్టుకుంటారు.

లేబర్ ఆఫీసుకు వెళ్లొచ్చా అని కూడా చాలామంది అడిగారు. వెళ్లొచ్చు, కానీ మీరింకా అక్కడ చేరలేదు కాబట్టి యజమాని, ఉద్యోగి సంబంధమే లేదని ఫైలు మూసే అవకాశం ఎక్కువ. ఒక మాట మాత్రం గుర్తుంచుకోండి, దావా వేసినా సరే మీరు ఇంకో ఉద్యోగం వెతుక్కోవాలి. నష్టం తగ్గించుకునే దారులున్నాయా అన్నదాన్నీ పరిహారం లెక్కలో చూడాలని అదే 73వ సెక్షన్ వివరణలో ఉంది. కేసు గట్టిపడాలని ఖాళీగా కూర్చుంటే ఉన్నది కూడా తగ్గుతుంది.

ప్రశ్న: అమ్మా, మా అమ్మాయి బీటెక్ 2024లో పూర్తిచేసింది. ఫైనలియర్‌లోనే క్యాంపస్‌లో పెద్ద కంపెనీకి సెలక్ట్ అయింది, ఊరంతా స్వీట్లు పంచాం. పద్నాలుగు నెలలైంది, జాయినింగ్ డేట్ రాలేదు. అడిగితే త్వరలో చెబుతాం అంటారు. ఇప్పుడేమో మళ్లీ పరీక్ష రాయాలంటున్నారు. పిల్ల గదిలోంచి బయటికి రావట్లేదు, మాకు టెన్షన్‌గా ఉంది. కోర్టుకు వెళ్దామా? (ఒక తండ్రి, నరసరావుపేట)

జవాబు: కోర్టు సంగతి తర్వాత, ముందు మీ అమ్మాయి దగ్గరున్న కాగితం పేరేంటో చూడండి. లెటర్ ఆఫ్ ఇంటెంట్ అని ఉంటే అది చాలావరకు తీసుకోవాలనుకుంటున్నాం అని చెప్పడమే, గట్టి ఒప్పందం కాదు. ఆఫర్ లెటర్ అని ఉండి, జీతం, హోదా రాసి, ఈమె అంగీకరిస్తూ సంతకం చేసి ఉంటే అది బలమైనది. తేదీ లేకపోయినా కాంట్రాక్టు చట్టం 46వ సెక్షన్ ప్రకారం సహేతుకమైన సమయంలో నెరవేర్చాలి. పద్నాలుగు నెలలు సహేతుకం అని ఏ జడ్జీ ముందైనా వాదించడం కష్టం. కానీ ఆ లెటర్లోనే వ్యాపార అవసరాలను బట్టి తేదీ మార్చే హక్కు మాకుంది అని చిన్న అక్షరాల్లో ఒక లైను ఉండే ఉంటుంది, చూడండి.

ఇది మీ ఇంటి కష్టం ఒక్కటే కాదు. 2022లో ఆఫర్లు తీసుకున్న పిల్లల్లో కొందరు రెండేళ్ల దాకా ఎదురుచూశారు, పుణెకు చెందిన నైట్స్ అనే ఐటీ ఉద్యోగుల సంఘం వాళ్ల తరఫున కేంద్ర కార్మిక శాఖకు ఫిర్యాదు చేసింది, పేపర్లలో గట్టిగా వచ్చింది, ఆ తర్వాతే జాయినింగ్ మెయిళ్లు కదిలాయి. ఒంటరిగా దావా వేసిన పిల్లల కన్నా పదిమంది కలిసి రాసిన ఉత్తరానికి కంపెనీలు తొందరగా కదులుతాయి, పేరు పోతుందని భయం కాబట్టి. మీ అమ్మాయితో పాటు సెలక్టయిన వాళ్ల వాట్సాప్ గ్రూప్ ఉండే ఉంటుంది. అందరూ కలిసి ఫలానా తేదీలోగా జాయినింగ్ చెప్పండి లేదా రద్దు చేశామని రాతపూర్వకంగా చెప్పండి అని మెయిల్ పెట్టండి, కాలేజీ ప్లేస్‌మెంట్ ఆఫీసర్‌ని అందులో కలపండి. వచ్చే ఏడాది కూడా ఆ కంపెనీ ఆ కాలేజీ గుమ్మం తొక్కాలి, ఆ మాట ప్లేస్‌మెంట్ సెల్‌కి గుర్తుచేయండి. ఒక ఉద్యోగం వచ్చిన పిల్లల్ని ఇంకో కంపెనీ ఇంటర్వ్యూకి కూర్చోనివ్వని కాలేజీలు ఉన్నాయి, మీదీ అలాంటిదైతే ఆ నిబంధన పెట్టిన బాధ్యత వాళ్లకూ ఉంది.

అన్నిటికన్నా ముఖ్యం, మీ అమ్మాయి వేరే ఉద్యోగంలో చేరడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఆఫర్ ఉంది కదా, ఇంకోచోట చేరితే పోతుందేమో అని ఆగిన పిల్లలు నాకు చాలామంది తెలుసు. చేరమనండి. ఆ మళ్లీ రాసే పరీక్ష మొదటి ఆఫర్లో లేని షరతు, ఆ మాట మెయిల్లో రాసి అభ్యంతరం చెబుతూనే రాయొచ్చు, రాసినంత మాత్రాన హక్కు వదులుకున్నట్టు కాదని అదే మెయిల్లో ఒక వాక్యం పెట్టమనండి.

ప్రశ్న: మేడం, మాది ధర్మపురి దగ్గర ఊరు. దుబాయ్‌లో డ్రైవర్ ఉద్యోగం అని మా మండలంలో ఒకాయన 1 లక్ష 20 వేలు తీసుకున్నాడు. 70 వేలు ఫోన్‌పే చేసిన, 50 వేలు చేతికిచ్చిన. పాస్‌పోర్టు ఆయన దగ్గరే ఉంది. వాట్సాప్‌ల వీసా ఫొటో పంపిండు, టికెట్ ఈ వారం, వచ్చే వారం అని ఆరు నెలలు తిప్పుతుండు. ఇప్పుడు పైన ముంబై ఏజెంట్ మోసం చేసిండు, నా చేతుల లేదు అంటుండు. (మీ పాఠకుడు, జగిత్యాల జిల్లా)

జవాబు: తమ్ముడూ, మొదటి ఉత్తరం రాసినాయనకూ మీకూ ఇక్కడే తేడా. ఆయనది ఒప్పందం తెగిన కేసు, సివిల్. మీది క్రిమినల్ కేసు కూడా. కాబట్టి పోలీస్ స్టేషన్ మెట్లెక్కడానికి వెనకాడకండి.

1983 ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం విదేశీ ఉద్యోగాలకు మనుషుల్ని పంపే ఏజెంటుకు కేంద్ర ప్రభుత్వ రిజిస్ట్రేషన్ ఉండి తీరాలి. ఊళ్లో తిరిగే సబ్ ఏజెంటుకు ఈ చట్టంలో చోటే లేదు. రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్లు కూడా సర్వీసు ఛార్జీ కింద 30 వేల రూపాయలు, దాని మీద జీఎస్టీ, అంతకు మించి తీసుకోకూడదు, తీసుకున్నదానికి రసీదు ఇవ్వాలి. మీ దగ్గర లక్షా ఇరవై తీసుకున్నాడు, రసీదు లేదు, అంటే రెండు నిబంధనలూ తప్పినట్టే. కేంద్ర విదేశాంగ శాఖ ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్లో ఆ ముంబై ఏజెన్సీ పేరు కొట్టి చూడండి, లేకపోతే ఆ పేజీ ప్రింట్ తీసి ఫిర్యాదుకు జతచేయండి.

ఫిర్యాదులో మోసానికి భారతీయ న్యాయ సంహిత 318(4) సెక్షన్, పాత 420 అన్నమాట, దానికి ఏడేళ్ల దాకా శిక్ష ఉంది, దాంతోపాటు ఎమిగ్రేషన్ చట్టం 10, 24 సెక్షన్లు రాయమనండి. స్టేషన్లో ఇది డబ్బుల లావాదేవీ, పెద్దమనుషుల్లో తేల్చుకోండి అని పంపేస్తే, అదే ఫిర్యాదును జిల్లా ఎస్పీకి పోస్టులో పంపండి, అప్పటికీ కదలకపోతే మేజిస్ట్రేటు దగ్గరికి. పని కోసం విదేశాలకు వెళ్లేవాళ్ల బాగోగులు చూసే కేంద్ర ప్రభుత్వ ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ ఆఫీసు హైదరాబాద్‌లో ఉంది, అక్కడికీ ఒక కాపీ.

చేతికిచ్చిన 50 వేల గురించి దిగులు పడుతున్నారేమో. ఆ రోజు పక్కన ఎవరున్నారో గుర్తుచేసుకోండి, ఆ తర్వాత ఆయన పంపిన వాట్సాప్ వాయిస్ మెసేజీల్లో మొత్తం డబ్బు మాట ఎక్కడైనా ఎత్తాడేమో ఓపిగ్గా వినండి, ఒక్క మాట దొరికినా చాలు. పాస్‌పోర్టు విషయం విడిగా రాయండి. చట్టం ప్రకారం పాస్‌పోర్టు కేంద్ర ప్రభుత్వ ఆస్తి, డబ్బు లెక్క తేలేదాకా నా దగ్గర ఉంచుకుంటా అనే హక్కు ఏ ఏజెంటుకూ లేదు. చాలాసార్లు ఎస్సై గారు ఒక్క ఫోన్ కొడితే పాస్‌పోర్టు ఆ సాయంత్రానికే ఇంటికొస్తుంది. డబ్బుకు మాత్రం టైం పడుతుంది.

మధ్యలో విజిట్ వీసా మీద పంపిస్తా, అక్కడికెళ్లాక మారుద్దాం అంటాడు, అన్నా వెళ్లకండి, దొరికితే అక్కడ తప్పు మీదవుతుంది. ఈసారి గల్ఫ్ వెళ్లాలనుకుంటే విదేశీ ఉద్యోగాలకు పంపే టామ్‌కామ్ అనే సంస్థ రాష్ట్ర ప్రభుత్వానికే ఉంది, ముందు అక్కడ అడగండి. వకీలు ఫీజు భయం ఉంటే జగిత్యాల కోర్టులోనే న్యాయ సేవాధికార సంస్థ ఉంటుంది, లేదా 15100కి ఫోన్ చేయండి. ఎస్సీ, ఎస్టీలకు, మహిళలకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును పెడతారు, మిగతావాళ్లకు ఆదాయ పరిమితి ఉంది. ఇదే మాట నగరాల్లో డబ్బు తీసుకుని ఉద్యోగం ఇప్పిస్తామన్న కన్సల్టెన్సీల చేతిలో మోసపోయిన పాఠకులకూ చెబుతున్నాను, మీరు ఫీజు కట్టారు కాబట్టి వినియోగదారుల కమిషన్‌కీ వెళ్లొచ్చు. గడువు రెండేళ్లు, 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు, వకీలు కూడా తప్పనిసరి కాదు. ఆన్‌లైన్లో డబ్బు పోయినవాళ్లు వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, ఆలస్యమయ్యేకొద్దీ ఆ డబ్బు ఖాతాలు మారిపోతుంది.

ప్రశ్న: ప్రభుత్వ ఉద్యోగానికి ఎంపిక జాబితాలో నా పేరు వచ్చింది. సర్టిఫికెట్ల పరిశీలన అయింది. ఏడాదిగా పోస్టింగ్ ఇవ్వట్లేదు. జాబితాలో ఉన్నాను కాబట్టి ఉద్యోగం నా హక్కు కాదా? (ఒక అభ్యర్థి, కర్నూలు)

జవాబు: కాదు, కానీ పూర్తిగా చేతులెత్తేయాల్సిన పనీ లేదు. 1991లో శంకర్‌సన్ దాష్ కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది ఇదే: జాబితాలో పేరున్నంత మాత్రాన నియామకం హక్కు కాదు, ఖాళీలన్నీ నింపి తీరాలనీ లేదు, అయితే ప్రభుత్వం ఇష్టమొచ్చినట్టు చేయకూడదు, ఆపితే సరైన కారణం ఉండాలి. మధ్యలో అర్హత నిబంధనలు మార్చి మిమ్మల్ని తీసేస్తే అది ఇంకా బలమైన కేసు, 2024 నవంబరులో తేజ్ ప్రకాశ్ పాఠక్ కేసులో ఐదుగురు జడ్జీలు ఆట మొదలయ్యాక రూల్సు మార్చకూడదన్నారు, ముందే పెట్టుకున్న నిబంధనలు ఒప్పుకుంటే తప్ప. ముందు ఆర్‌టీఐ వేసి ఎన్ని ఖాళీలు, ఎన్ని నింపారు, మీ తర్వాతి ర్యాంకు వాళ్లను తీసుకున్నారా, ఫైలు ఎక్కడ ఆగింది అని అడగండి. మీ కింద ర్యాంకు వాళ్లకు పోస్టింగ్ ఇచ్చి ఉంటే ఇక ఆలోచించకుండా హైకోర్టులో రిట్ వేయండి. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ రాష్ట్ర అడ్మినిస్ట్రేటివ్ ట్రిబ్యునళ్లు ఇప్పుడు లేవు కాబట్టి నేరుగా హైకోర్టే, కేంద్ర ఉద్యోగమైతే క్యాట్, అంటే సెంట్రల్ అడ్మినిస్ట్రేటివ్ ట్రిబ్యునల్. జాబితా గడువు ముగిశాక వెళ్తే ఇంతకాలం ఏం చేశావని అడుగుతారు.

ప్రశ్న: నాది రివర్స్ కేసు మేడమ్. ఆఫర్ ఒప్పుకున్నాను, ఈలోపు ఇంకా మంచిది వచ్చింది. చేరనంటే 1 లక్ష కట్టాలి, లేకపోతే బ్లాక్‌లిస్ట్ చేస్తాం, కేసు వేస్తాం అని హెచ్‌ఆర్ బెదిరిస్తోంది. వేయగలరా? (పేరు వద్దు, విశాఖపట్నం)

జవాబు: వేయగలరు, గెలవడం వేరే సంగతి. మీరు వాళ్ల మీద ఏ 73వ సెక్షన్ వాడగలరో వాళ్లూ మీ మీద అదే వాడగలరు, ఒప్పందం రెండు వైపులా కత్తే. లెటర్లో లక్ష అని రాసి ఉన్నా 74వ సెక్షన్ ప్రకారం కోర్టు ఇప్పించేది సహేతుకమైన పరిహారమే, ఆ అంకె గరిష్ఠ పరిమితి మాత్రమే. 2025 మేలో విజయా బ్యాంకు కేసులో సుప్రీంకోర్టు మూడేళ్లు పనిచేస్తానన్న బాండు తప్పినందుకు 2 లక్షలు కట్టించడం సమర్థించిందని వాళ్లు మీకు పేపర్ కటింగ్ పంపొచ్చు, నాకూ ఒకరు పంపారు. కానీ అది ప్రభుత్వ రంగ బ్యాంకు, ఆ ఉద్యోగి చేరి, పనిచేసి, మధ్యలో వెళ్లిపోయాడు, మళ్లీ నియామకం చేయాలంటే దేశమంతా ప్రకటన, పరీక్ష పెట్టాలి. మీరింకా చేరనే లేదు, ట్రైనింగ్ ఇవ్వలేదు. మీ వల్ల వాళ్లకేం ఖర్చయిందో వాళ్లు చూపించుకోవాలి. జాయినింగ్ బోనస్ ముందే తీసుకుని ఉంటే మాత్రం మాట్లాడకుండా తిరిగిచ్చేయండి.

కొత్త ఆఫర్ ఖాయమైన వెంటనే చేరట్లేదని మర్యాదగా ఒక మెయిల్ పెట్టండి, జాయినింగ్ రోజు దాకా సైలెంటుగా ఉండి ఫోన్ స్విచాఫ్ చేయొద్దు. ఎంత ముందు చెబితే వాళ్ల నష్టం అంత తక్కువ, మీ మీద అడగగలిగేదీ అంతే తక్కువ. బెదిరింపు ఫోన్లో వస్తే మెయిల్లో రాయమనండి, రాయరు. ఇక ఆ కొత్త మంచి ఆఫర్ ఏదో ఉందన్నారే, దాని లెటర్ చేతికొచ్చి, వెరిఫికేషన్ అయిపోయి, తేదీ ఖరారయ్యాకే ఈ మెయిల్ పంపండి.